రెండు కంచాలే గుర్తున్నాయి

భోగాపురం దగ్గర,
సరుగుడు తోట.

అప్పకి,

నీ తమ్ముడు సత్తెయ్య నీ కాళ్ళకి దణ్ణం పెట్టి రాసుకున్న సంగతులు. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వు, బావ, మీ కోడలు, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ దగ్గు ఎలా ఉంది? చుట్ట మానమని నేను చెప్పానని చెప్పు. నేను చెబితే మానడు, అయినా చెప్పు. గేదె ఈపాటికి ఈని ఉంటుంది. పెయ్యో దున్నో రాయించు.

నేను బాగానే ఉన్నాను. ఆ మాట ముందే రాస్తున్నాను, లేకపోతే ఉత్తరం ఎందుకొచ్చిందో అని కంగారు పడతావు. మొన్న ఫోనులో నువ్వు "ఏటిరా, నీ గొంతు అలాగున్నాది?" అని అడిగావు. ఏమీ లేదన్నాను. ఉంది. నోటితో రాలేదు. నీ గొంతు వినగానే మాట లోపలికి పోయింది. బడికెళ్ళిన ఆ అయిదు తరగతులు ఇప్పుడైనా అక్కరకొస్తాయేమోనని కాగితం తీశాను. నువ్వు చదవలేవు, మీ కోడలే చదివి వినిపిస్తుంది. అమ్మా, ఇది మీ అత్తకి మాత్రమే వినిపించు. వీధరుగు మీద చదవకు.

ఇక్కడికి వచ్చి మూడు నెలలు దాటింది. బొబ్బిలి నుంచి ఎంత దూరం, రెండు బస్సులు మారితే వచ్చేస్తాం అంటాడు మా అబ్బాయి సింహాద్రి. నాకు దూరంగానే ఉంది. ఇక్కడి గాలిలో ఉప్పుంది. పొద్దున్న లేచి పెదాలు తడుపుకుంటే తెలుస్తుంది. నీళ్ళూ కాస్త ఉప్పనే, టీ రుచి వేరు. మన వైపు ఎటు తిరిగినా ఏదో ఒక కొండ కనబడుతుంది కదా. ఇక్కడ కన్ను ఆనడానికి ఏమీ లేదు. ఇసుక, సరుగుడు చెట్లు, ఆ వెనక సముద్రం. వానలు పడుతున్నాయి. మన ఊళ్ళో ఆకుమళ్ళు పోసి ఉంటారు.

సింహాద్రి తాపీ పనికి పొద్దున్నే పోతాడు, దీపాలు పెట్టాక వస్తాడు. నాకు సరుగుడు తోటలో కాపలా దొరికింది. పెద్ద పనేమీ కాదు. మొక్కలు మోకాలెత్తున్నాయి, మేకలు పడకుండా చూడాలి. కర్ర పట్టుకుని కూర్చుంటాను. మేకలకి నేనంటే భయం లేదు, కర్రంటే ఉంది. పొద్దు వాలితే నా పని అయిపోతుంది.

గౌరి నన్ను బాగా చూసుకుంటోంది. ఇది నీకు నమ్మకంగా రాస్తున్నాను. కోడలి వల్ల నాకు ఏ లోటూ లేదు. సముద్రపు చేప పులుసు పెడుతుంది, మొదట్లో వాసన పడలేదు, ఇప్పుడు అలవాటయింది. చోడంబలి మాత్రం లేదు. ఎవరైనా ఇటు వస్తే చోళ్ళ పిండి ఒక మూట పంపు. ఎక్కువ వద్దు. నువ్వు కూర్చుని విసరొద్దు, మిల్లులో ఆడించు.

ఇక అసలు సంగతి.

ఈ ఇల్లు రెండు గదులు. ముందు గదిలోనే ఒక మూల పొయ్యి, ఇంకో మూల నా పెట్టె. గౌరి మర్యాద తెలిసిన పిల్ల. నేను గదిలో ఉంటే కూర్చోదు. కొంగు భుజం మీదకి లాక్కుని గోడకి ఆనుకుని నిలబడుతుంది. వచ్చిన కొత్తలో ఒక పొద్దున్న తువ్వాలు మరిచిపోయి తోట నుంచి వెనక్కి వచ్చాను. గౌరి అన్నం తింటోంది. నా దగ్గు విని గభాలున లేచి, కంచం గిన్నెల వెనక పెట్టేసి, ఎంగిలి చెయ్యి వెనక్కి దాచుకుంది. నాకు ప్రాణం చచ్చిపోయింది. తువ్వాలు తీసుకోకుండానే వెళ్ళిపోయాను.

ఆ రోజు నాలో నేను ఒకటి అనుకున్నాను. ఇంత చిన్న ఇంట్లో నేను కూర్చుంటే ఆ పిల్లలు సుఖంగా ముద్ద మింగలేరు. సాయంత్రం పూట బయటే ఉంటాను, వాళ్ళ తిళ్ళు అయ్యాక పోతాను అని. మన అమ్మ ఏం చేసేది? దీపాలవేళకి పిల్లలకి పెట్టేసేది. నాన్న పొలం నుంచి ఎప్పుడొచ్చినా పిల్లల కడుపు మాత్రం ముందు నిండిపోయేది. ఏ ఇంట్లోనైనా అంతే అనుకున్నాను. చంటిది కూడా అలాగే తినేస్తుందనుకున్నాను. మనవరాలు పావనికి ఏడేళ్ళు, చంటిది కాదు, నాకలా అనిపిస్తుంది.

అప్పట్నుంచి పొద్దు వాలాక మలుపు దగ్గర టీ బడ్డీలో కూర్చోవడం మొదలుపెట్టాను. బడ్డీ అతను మన చీపురుపల్లి వైపు వాడు, నన్ను బావా అంటాడు. బడ్డీ మూసేదాకా కదలను. ఒక్కోసారి ఎనిమిది దాటేది. "ఏటి సత్తెయ్య బావా, ఇంటికాడ కోడలు కర్రట్టుకుని నిలబడిందేటి, కదలవు?" అనేవాడు. నేను నవ్వేవాడిని. వాళ్ళని సుఖంగా తిననిస్తున్నానని నాకు లోపల గొప్పగా ఉండేది. ఇది కూడా రాయాలి, దాచకూడదు.

ఇంటికి పోయేసరికి గిన్నెలు నిండుగా ఉండేవి. నాకోసం ఎక్కువ వండి మిగిల్చారనుకున్నాను. పావని గోడ వారగా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తూగుతూ ఉండేది. గౌరి నాకు వడ్డించేది. నేను తల ఎత్తకుండా తిని, చెయ్యి కడుక్కుని, వీధిలో నా మంచం మీద వాలిపోయేవాడిని. లోపల గౌరి "లే తల్లీ, నోరు తెరు, ఒక్క ముద్ద" అనడం చాలాసార్లు విన్నాను. సరిగ్గా తినలేదని ఇంకో ముద్ద పెడుతోంది కాబోలు అనుకున్నాను. ఒక్క రోజైనా లేచి చూడలేదు.

పదిహేను రోజుల కిందట పెద్ద వాన వచ్చింది. బడ్డీ తీయలేదు. తడుస్తూ పొద్దుండగానే ఇంటికి వచ్చాను. సింహాద్రి ఇంకా రాలేదు. గౌరి పక్కింటి వాళ్ళ వసారాలో ఆరేసిన బట్టల కోసం వెళ్ళింది. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల పావని పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, అన్నం గిన్నె మూత తీసి, గిన్నెలో చెయ్యి పెట్టి తింటోంది. కూర లేదు, ఉత్త అన్నం. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

నాకేమయిందో తెలియదు. నేను ఎవరినీ కొట్టినవాడిని కాదు, నీకు తెలుసు. నా నోట గట్టిమాట రాదు. ఆ రోజు వచ్చింది. "పెద్దోలు తినకుండా గిన్ని ఎంగిలి సేత్తావేటే, దొంగపిల్లా!" అన్నాను. అని చేతి మీద కొట్టాను. చేతిలో అన్నం నేల మీద పడింది.

అది ఏడవలేదు. నోట్లోది మింగలేక, ఉమ్మలేక నా వంక చూసింది. తరవాత వంగి ఆ మెతుకులు ఒక్కొక్కటీ ఏరింది. ఏరి గుప్పిట్లో పెట్టుకుని, "అమ్మకి సెప్పకు తాతా" అంది.

నేను చెప్పలేదు. చెప్పకపోవడం నా మంచితనం అనుకున్నాను. ఆ పూట గౌరి చేపల పులుసు పెడితే తిన్నాను. రెండోసారి కూడా వేయించుకున్నాను. వీధిలో పడుకున్నాక లోపల నుంచి వినబడింది, "నాకొద్దమ్మా, ఆకల్లేదు" అని. చేసిన తప్పు దానికి తెలిసిందిలే అనుకున్నాను. మర్నాడు బడ్డీ దగ్గర అడగకపోయినా చెప్పాను, మనవరాలికి కాస్త బుద్ధి చెప్పానని. అతను "ఆడపిల్లకి ఆమాత్రం భయం ఉండాల బావా" అన్నాడు. నాకు బాగానే అనిపించింది ఆ మాట.

ఆ సాయంత్రమే పావని బడ్డీ దగ్గరకి వచ్చింది. ఒక్కతే. చేతిలో నా గొడుగు. వాన లేదు. నా ఎదురుగా రాలేదు, బడ్డీ గుంజ పట్టుకుని నిలబడింది. నేనే లేచి వెళ్ళాను.

"ఏటే, అమ్మ పంపిందా?"

"లేదు. అమ్మకి తెల్దు. తాతా, ఇంటికి వస్తావా?"

"వస్తాన్లే. నువ్వు ఎల్లి తినీసి పడుకో."

"నువ్వు తిన్లేదు గదా."

"నేను తినకపోతే నీకేటే?"

అది నన్ను ఎగాదిగా చూసింది. ఇంత ముసలాడికి ఈ మాత్రం తెలియదా అన్నట్టు. "నువ్వు తిన్నాకే గదా అమ్మ నాకు పెడతాది" అంది.

నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. రోజూనా అన్నాను. రోజూ అంది. మరి ఇన్నాళ్ళూ అన్నాను. అది బేరం మొదలెట్టింది.

"పోనీ తాతా, నువ్వు ఇంటికొచ్చి ఒక్క ముద్ద తినీసి మళ్ళీ ఇక్కడికి ఎల్లిపో. ఒక్క ముద్ద తిన్నా తిన్నట్టే గదా? అమ్మనడిగాను. ఊరుకో అంది గానీ, కాదన్లేదు."

బడ్డీ అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దాని చేతిలో గొడుగు తీసుకుని నడిచాను. దారిలో, చీకటి పడుతుంటే, అడగకుండా ఉండలేక అడిగాను. "నిన్న మరెందుకే అలాగ తిన్నావు?"

"నిన్న బడి లేదు, బళ్ళో అన్నమూ లేదు. పొద్దున్న తిన్నదే. నువ్వొచ్చేదాకా ఆగుదామనుకున్నాను, ఆగలేకపోయాను." కాస్త దూరం నడిచాక మళ్ళీ అంది, "నీకు తగ్గిపోద్దని కొంచెమే తిన్నాను తాతా. కూర ముట్టుకోలేదు."

అప్పా, నేను నడక వేగం పెంచాను.

ఇంటికి వెళ్ళాను. గౌరి చూసి తడబడి కంచం కడిగింది, ఇంత వేగిరం ఎప్పుడూ రాను కదా. సింహాద్రి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను పీట మీద కూర్చుని పావనిని పక్కన కూర్చోమన్నాను. అది కూర్చోలేదు, తల్లి వంక చూసింది.

"దానికి తరవాత పెడతాను మావయ్యా, మీరు తినండి" అంది గౌరి.

"ముందు దానికెట్టు."

నాకు వచ్చింది ఆ ఒక్క మాట. ఎలా చెప్పాలో తెలియక కాస్త గట్టిగా వచ్చింది. నేను కోప్పడుతున్నాననుకుంది పాపం. గరిటె పట్టుకునే ఏడ్చేసింది. "నేనేటి తప్పు సేసాను మావయ్యా? ఇంటి పెద్ద మెతుకు ముట్టకుండా పిల్లలకి కంచం ఎట్టకూడదని అత్తే గదా నేర్పింది నాకు. కాపురానికొచ్చిన రోజునే సెప్పింది. ఇదొక్కటీ తప్పకు, మీ మావ ఇంట్లో ఇది ఎప్పుడూ తప్పలేదు అని. నేనూ తప్పలేదు."

నీ మరదలు. పోయి ఏడాది కాలేదు. ఆమె నాకోసం పెట్టిన నియమం అది. నేను పెట్టమనలేదు. అలాగని ఎప్పుడూ అడగలేదు కూడా, నేను తినేటప్పుడు పిల్లాడు తిన్నాడా అని. నా ఇంట్లో ఏం జరిగేదో నాకే తెలియదు. మన అమ్మ ఇంట్లో జరిగిందే నా ఇంట్లోనూ జరుగుతోందనుకుని ఇన్నేళ్ళు బతికేశాను.

సింహాద్రి తువ్వాలుతో కాళ్ళు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు. మేమిద్దరం మాట్లాడుకోవడం తక్కువ, నీకు తెలుసు. వాడు పెళ్ళాంతో, "ఏడుపెందుకే, నీ తప్పు కాదు, నాన్న తప్పూ కాదు" అన్నాడు. తరవాత నా వంక చూడకుండా అన్నాడు. "నేనూ అలాగే కూకునీవోడ్ని నాన్నా. నీ సైకిలు గంట కోసం. గంట ఇనబడితే సాలు, అమ్మ కంచాలు కడిగీది. ఒకో రోజు ఆ గంట ఎంతకీ ఇనబడీది కాదు. నేను తలుపుకాడే పడుకుండిపోయీవోడ్ని."

నవ్వుతూనే అన్నాడు. నిష్ఠూరం కాదు.

నువ్వు ఎరుగుదువు, అప్పట్లో పొలం నుంచి వచ్చి నేను ఎక్కడ కూర్చునేవాడినో. రామకోవెల అరుగు మీద, ఇద్దరు ముగ్గురితో, చుట్ట ఆరేదాకా. అక్కడా నేను మాట్లాడేవాడిని కాదు, ఊరికే వినేవాడిని. ఇంటికి తొందరేముంది అనుకునేవాడిని. సందు మొదట్లో గంట కొడితే సింహాద్రి పరుగెత్తుకుని వచ్చేవాడు. నా కొడుక్కి నేనంటే ఎంత ఇష్టమో అని ఊళ్ళో అందరూ చూడాలని ఇంకో రెండుసార్లు కొట్టేవాడిని. ఆ గంట తలుచుకుంటే ఇప్పుడు చెవులు మూసుకోవాలనిపిస్తోంది.

ఆ పూట పావని నా పక్కన కూర్చుని తింది. గౌరి ఇద్దరికీ ఒకేసారి వడ్డించింది, నేను ముద్ద నోట్లో పెట్టేదాకా కూతురి చెయ్యి పట్టుకునే ఉంది. నియమం ఆమె వదలలేకపోయింది. వాళ్ళ అత్త మాట అది, నేనెలా కాదంటాను. అందుకని నేనే మారాను. ఇప్పుడు పొద్దు వాలగానే ఇంటికి వచ్చేస్తున్నాను. దీపాలవేళకి పీట మీద ఉంటాను. అప్పటికి నాకు ఆకలి ఉండదు. అయినా తింటాను. తిన్నాక వీధిలోకి పోయి సందు చివరి దాకా నడిచి వస్తాను, గౌరీ సింహాద్రీ అప్పుడు తింటారు. గుమ్మం ముందు దగ్గకుండా లోపలికి రాను. బడ్డీ అతను "కోడలు కర్ర తీసిందన్నమాట" అంటున్నాడు. అననీ.

ఇంతవరకు బాగానే ఉంది కదా అనుకుంటావు. లేదు. దొంగ అన్నానే, ఆ మాట దాని దగ్గరే ఉండిపోయింది. కంచంలో అన్నం పెట్టాక, నేను తినడం మొదలుపెట్టాక కూడా, అది నా మొహం వంక ఒకసారి చూస్తుంది. చూసి, అప్పుడు చెయ్యి పెడుతుంది. రోజూ. గౌరి గమనించలేదు. సింహాద్రి గమనించలేదు. వాళ్ళకి ఆ రోజు సంగతి తెలియదు. అది చెప్పలేదు, నేనూ చెప్పలేదు. చెప్పకు తాతా అంది కదా, అందుకే చెప్పలేదు అనుకుంటాను. నిజానికి నాకు ధైర్యం లేదు.

నిన్న ఎవరూ లేనప్పుడు "పావనీ, ఆ రోజు తాతదే తప్పు" అన్నాను. అది "ఏ రోజు?" అంది. పిల్లలకి అబద్ధం చెప్పడం రాదంటారు, అది మాత్రం నా పరువు కాపాడటానికి చెప్పింది. సాయంత్రం కంచం దగ్గర మళ్ళీ నా మొహం చూసింది.

నీకు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మంచం మీద పడుకుని మన ఇల్లు తలుచుకున్నాను. అమ్మ దీపాలవేళకి పిల్లలకి పెట్టేసేది అని పైన రాశాను. అదే నమ్ముకుని ఇన్నాళ్ళు ఉన్నాను. ఆ పూటలు కళ్ళ ముందుకి తెచ్చుకున్నాను. చావిడిలో గుడ్డిదీపం. సత్తు కంచం నాది, అంచు వంగినది. నా వెనక పుట్టిన తమ్ముడిది చిన్న కంచం. అమ్మ అంబలి పోసేది. నంజుకి ఉల్లిపాయ. నువ్వు చెంబుతో నీళ్ళు తెచ్చి మా పక్కన పెట్టేదానివి. తమ్ముడి మూతి కొంగుతో తుడిచేదానివి. పురుగులు పడకుండా దీపం కాస్త దూరంగా జరిపేదానివి. మేము లేచాక ఆ రెండు కంచాలూ తీసుకుని పెరట్లోకి వెళ్ళేదానివి. నాన్న వచ్చాక కాళ్ళకి నీళ్ళిచ్చేదానివి.

మనం ముగ్గురు పిల్లలం అప్పా. నాకు రెండు కంచాలే గుర్తున్నాయి.

ఎంత తలుచుకున్నా మూడోది కనబడలేదు. నువ్వు నాకన్నా మూడేళ్ళే పెద్దదానివి. అప్పుడు నీకు పావని కన్నా ఒకటి రెండేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. నువ్వు తింటుండగా ఒక్కసారైనా చూశానా అని వెతికాను. పెళ్ళిపీటల మీద మిఠాయి నోట్లో పెట్టుకోవడం చూశాను. అంతే.

అడుగుదామంటే అమ్మ లేదు, నీ మరదలు లేదు, తమ్ముడూ పోయాడు. ఉన్నది నువ్వే. నువ్వు ఎప్పుడు తినేదానివి? ఏం మిగిలేది నీకు? ఎప్పుడైనా గిన్నెలో చెయ్యి పెట్టావా? నన్ను చూసి దాచుకున్నావా? నేను చూసి ఎవరికైనా చెప్పానా? నాకు గుర్తు లేదు. గుర్తు లేకపోవడమే నాకు సిగ్గుగా ఉంది. నీకు గుర్తుంటే రాయించు. "అదేటిరా పిచ్చోడా, నేనూ మీతోనే తినీదాన్ని" అని రాయించకు. నువ్వు అలా అంటావని నాకు తెలుసు. నిన్న ఒకత్తె నాతో అలాగే "ఏ రోజు?" అంది.

ఈ నెలాఖరుకి రెండు రోజులు సెలవు అడిగాను. నీ దగ్గరకి వస్తాను. పావనిని కూడా తీసుకొస్తాను, గౌరి ఒప్పుకుంది. దీపాలవేళకి వచ్చేస్తాం. నాకోసం ప్రత్యేకం ఏమీ చెయ్యొద్దు. అంబలి చాలు. బావకి ముందుగానే చెప్పి ఉంచు, ఆ పూట నువ్వూ పావనీ తిన్నాకే నేను కూర్చుంటాను. నీళ్ళు నేను తెస్తాను. నువ్వు నవ్వినా సరే, బావ వెక్కిరించినా సరే. దాన్ని ఇక్కడ నాకన్నా ముందు కూర్చోబెట్టడం నా చేత కాలేదు, వాళ్ళ అమ్మ సాగనివ్వదు. నీ ఇంట్లో నువ్వు పెద్దదానివి, నీ మాట గౌరి కూడా కాదనదు. నా మొహం చూడకుండా అది ఒక్క పూట తింటే చాలు నాకు.

బావకి నా నమస్కారాలు. మీ అబ్బాయికి, కోడలికి, పిల్లలకి దీవెనలు. పెద్దింటి పిన్ని అడిగితే నేను కులాసాగా ఉన్నానని చెప్పు, మిగతాది చెప్పకు. చోళ్ళ పిండి పంపొద్దు, వచ్చినప్పుడు నేనే మోసుకుపోతాను. వాన గాలికి తిరగొద్దు. నీ చెయ్యి నా తల మీద ఉండాలి. నాకు దీవెన ఇవ్వడానికి నీకు మనసొప్పితేనే.

ఇట్లు,
రోజూ నీకన్నా ముందు తిన్న
నీ తమ్ముడు
సత్తెయ్య